అక్షరం వస్తేనే ఓటు: విమర్శనాత్మక బోధన వెనక కథ

విమర్శనాత్మక బోధన, అంటే అక్షరాలతో పాటు తమ చుట్టూ ఉన్న సమాజాన్ని ప్రశ్నించడమూ నేర్పే చదువు అనగానే బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరే పేరు, ఆయన చెప్పిన బ్యాంకు పోలిక గుర్తుకొస్తాయి. విద్యార్థి ఖాళీ ఖాతా, టీచర్ అందులో డబ్బు వేసే మనిషి అన్నట్టు సాగే చదువును ఆయన తప్పుపట్టారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ అసలు గొడవ ఓటు గురించి.

1960ల మొదట్లో బ్రెజిల్‌లో చదవడం, రాయడం రానివాళ్లకు ఓటు హక్కు లేదు. అప్పటికి వయోజనుల్లో పదిమందికి దాదాపు నలుగురు నిరక్షరాస్యులు. చెరకు తోటలున్న ఈశాన్య ప్రాంతంలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ ఒక కూలీకి అక్షరాలు నేర్పితే ఓటర్ల జాబితాలో ఒక పేరు పెరిగినట్టే. భూస్వాములకు ఈ లెక్క బాగా తెలుసు.

1963లో ఆ ఈశాన్యంలోనే అంజికోస్ అనే ఊళ్లో ఫ్రెయిరే బృందం సుమారు 300 మందికి 40 గంటల్లో చదవడం నేర్పే పని పెట్టుకుంది. ముందు ఆ ఊరివాళ్ల మాటలు విని, వాళ్ల బతుకులో బరువున్న పదాలు ఏరుకున్నారు. ఇలాంటి తరగతుల్లో 'ఇటుక' అనే పదం వస్తే, ఇటుకలు మోసేదెవరు, ఆ ఇంట్లో ఉండేదెవరు అని మాట్లాడుకున్నాకే అక్షరాల జోలికి వెళ్లేవాళ్లు. విచిత్రమేమిటంటే, ఈ ప్రయోగానికి డబ్బు అమెరికా సాయం నుంచే వచ్చింది. చివరి తరగతికి అధ్యక్షుడు గులార్ట్ స్వయంగా హాజరయ్యారు. దేశమంతా వేల కేంద్రాలు తెరవాలని ప్లాన్ కూడా వేశారు.

1964లో సైన్యం అధికారం లాక్కుంది. ప్లాన్ రద్దయింది. ఫ్రెయిరే రెండు నెలలకు పైగా జైల్లో ఉండి, తర్వాత ప్రవాసం వెళ్లారు. 'పీడితుల బోధనాశాస్త్రం' చిలీలో ఉన్నప్పుడు రాసిందే. ఆ తర్వాత సైనిక ప్రభుత్వమే మోబ్రాల్ పేరుతో సొంత అక్షరాస్యత కార్యక్రమం నడిపింది. ఫ్రెయిరే తరగతుల్లో వాడిన బొమ్మలూ పదాలూ ఉంచుకుంది, ప్రశ్నలు తీసేసింది. బోధన పద్ధతిని దాని ఉద్దేశం నుంచి ఎంత తేలిగ్గా విడదీయవచ్చో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించదు.

చదువుకీ ప్రజాస్వామ్యానికీ ముడిపెట్టడం ఫ్రెయిరేతో మొదలవలేదు. ప్రజాస్వామ్యమంటే కలిసి బతికే తీరు, దాన్ని బడిలోనే అలవాటు చేసుకోవాలని అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1916లోనే రాశారు. అయితే ఆయన మాట్లాడింది రేపటి పౌరుల గురించి. ఫ్రెయిరే ముందు కూర్చున్నది పెద్దవాళ్లై కూడా పౌరులుగా లెక్కకు రానివాళ్లు. 1980ల్లో హెన్రీ జిరూ వంటి విద్యావేత్తలు ఈ ఆలోచనను అమెరికా విశ్వవిద్యాలయాల్లోకి తీసుకెళ్లారు. అక్కడ పరిభాష చిక్కబడింది, కూలీలు మాత్రం కాస్త వెనక్కి పోయారు.

గొడవ చల్లారలేదు. 2012లో బ్రెజిల్ ఫ్రెయిరేను తమ విద్యకు ఆదర్శమూర్తిగా చట్టం చేసి మరీ ప్రకటించింది. 2018 ఎన్నికల్లో అధ్యక్ష అభ్యర్థి బోల్సోనారో ఫ్రెయిరే భావాలను విద్యాశాఖ నుంచి తరిమేస్తానన్నారు. నిరక్షరాస్యులకు ఓటు 1985లో దక్కింది. ఎన్నికల్లో పోటీ చేసే హక్కు మాత్రం 1988 రాజ్యాంగం కూడా వాళ్లకు ఇవ్వలేదు.