ప్రశ్న లేని వాంగ్మూలం

పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద పెట్టిన కేసు కోర్టులో వీగిపోయిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: "పిల్లకు ఎవరో నేర్పించి చెప్పించారు." ఇప్పుడు మళ్లీ అదే వాదన నడుస్తోంది. చట్టం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు కాబట్టి ఆ కథలోకి వెళ్లడం లేదు. ఈ వాదన లోతు తెలియాలంటే కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్ దాకా వెళ్లాలి.

1983లో అక్కడి మెక్‌మార్టిన్ ప్రీస్కూల్‌లో తన పిల్లాడిపై లైంగిక దాడి జరిగిందని ఒక తల్లి ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత వందల మంది పిల్లలను, చేతికి తొడిగే బొమ్మలతో ఆడిస్తూ ప్రశ్నించారు. మిగతా పిల్లలు ఎప్పుడో చెప్పేశారని నమ్మబలికారు. లేదన్న పిల్లను మళ్లీ మళ్లీ అడిగారు, అవునంటే మెచ్చుకున్నారు. 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండానే కేసు ముగిసింది. అప్పటికే ఒక నిందితుడు ఐదేళ్లు జైల్లో ఉన్నాడు. అదీ అన్యాయమే. అయితే తీర్పు తర్వాత జ్యూరీలో కొందరు చెప్పిన మాట నన్ను ఎక్కువ కలచివేస్తుంది. పిల్లల్లో కొందరికి ఏదో జరిగే ఉంటుందని వాళ్లు నమ్మారు. కానీ ఆ ప్రశ్నల తీరు వల్ల పిల్లలు సొంతంగా ఏం చెప్పారో తేల్చుకోలేకపోయారు.

ఈ సంగతి బయటపడింది ఆ సంభాషణలన్నీ వీడియో తీసి ఉంచబట్టే. తప్పు పిల్లలది కాదు, అడిగిన తీరుది అని టేపులే చూపించాయి. అక్కడి నుంచే అడిగే పద్ధతి మారింది. 2000లో మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ లాంబ్ బృందం పిల్లలను ఎలా అడగాలో చెబుతూ ప్రచురించిన ప్రోటోకాల్‌లో ముందు పిల్లతో మామూలు కబుర్లు, తర్వాత "తెలియకపోతే తెలియదని చెప్పు" అన్న భరోసా, ఆపైన "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు" అన్న ప్రశ్న. అవును, కాదు అని తేల్చే ప్రశ్నలు వీలైనంత చివరికి.

మన దగ్గర ఇవేవీ తెలియక కాదు. పిల్లలతో ఎలా మాట్లాడాలో 2013లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. 2016లో మొదలైన హైదరాబాద్ భరోసా కేంద్రంలో పోలీసు, వైద్య, న్యాయ సాయం ఒకే చోట దొరుకుతుంది, 2018లో అక్కడే పిల్లల కోర్టూ వచ్చింది. కానీ మామూలు స్టేషన్‌లో రాసుకున్న వాంగ్మూలం తీసి చూడండి. "నేను ఫలానా రోజు..." అంటూ పిల్ల ఏకబిగిన చెప్పినట్టే ఉంటుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు వచ్చిందో ఉండదు. నేర్పించి చెప్పించారని డిఫెన్స్ లాయర్ అన్నప్పుడు, కాదని చూపించడానికి పిల్ల దగ్గర ఏముంటుంది?

రికార్డింగ్ ఉంటే ఆ జవాబు అందులోనే దొరుకుతుంది. పోక్సో 26వ సెక్షన్ ఆడియో, వీడియో రికార్డింగ్ చేయమనే చెప్పింది, "సాధ్యమైన చోట" అని చేర్చి. 2019 సవరణలో శిక్షలు పెంచారు, మరణశిక్ష కూడా తెచ్చారు. ఆ రెండు మాటల జోలికి మాత్రం పోలేదు.