పసుపు అద్దిన మూల

చిరంజీవి మనవరాలికీ, దాని నేస్తాలకూ ఆశీస్సులు.

అక్క ల్యాబ్ చూసి వచ్చి మీరు రాసిన ప్రశ్న అందింది. ‘ఫ్రీజర్‌లో రెండు బుల్లి గొట్టాలున్నాయి తాతయ్యా. ఒకదాని మీద పీ53 అని, రెండోదాని మీద ఫాస్ఫో పీ53, సెరీన్ 15 అని ఉంది. ప్రోటీన్ ఒకటే అయినప్పుడు గొట్టాలు రెండెందుకు?’ అని అడిగారు. చాలా సరైన చోట పట్టుకున్నారు.

ఇంట్లో పెళ్లి కుదిరితే శుభలేఖలు అచ్చయి కట్టలుగా వస్తాయి కదా. కట్టలో ఉన్నంతసేపూ అవి ఉత్త కాగితాలే. మూలల్లో తడి పసుపు అద్దాకే పంచడానికి బయలుదేరతాయి. మా రోజుల్లో ఆ అద్దే పని పిల్లలది. పసుపు పలచనైతే కాగితం ఉబ్బేది, చిక్కనైతే ఎండి రాలిపోయేది. అచ్చులో ఏ తేడా లేదు, పసుపు పడిందా లేదా అన్నదే తేడా. పీ53 సంగతీ అంతే.

పీ53 అంటే 393 అమైనో ఆమ్లాల దండ. కణంలో డీఎన్ఏ దెబ్బతింటే ‘ఆగు, ముందు బాగుచేసుకో’ అని విభజనను నిలిపేది ఇదే. బాగుచేయడం కుదరకపోతే ఆ కణం తనంతట తాను చనిపోయేలా చేసేదీ ఇదే. 1979లో దీన్ని కనిపెట్టిన కొత్తలో క్యాన్సర్‌ను పెంచేదనుకున్నారు. నిజానికి అడ్డుకునేదని తేలడానికి 1989 దాకా పట్టింది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో దీని జన్యువు చెడిపోయి ఉంటుంది. మనకు ఆ జన్యువు ఒక్కటే, తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. ఏనుగుకైతే అలాంటివి 20 ఉన్నాయి. అంత పెద్ద ఒంట్లో అన్ని కణాలున్నా ఏనుగులకు క్యాన్సర్ తక్కువ కావడానికి ఇదొక కారణమని శాస్త్రజ్ఞుల ఆలోచన. ఈసారి ఏనుగును చూసినప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

మామూలు రోజుల్లో ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ పీ53ని ఎప్పటికప్పుడు పట్టి చెత్తలోకి పంపేస్తుంటుంది. అందుకే కణంలో అది కొద్దిగానే ఉంటుంది. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే ఏటీఎం అనే ఎంజైమ్ పరుగున వచ్చి, దండలో 15వ పూస అయిన సెరీన్ మీద ఒక ఫాస్ఫేట్ పెడుతుంది. అతినీలలోహిత కిరణాల దెబ్బయితే ఆ పని ఎక్కువగా ఏటీఆర్ అనే మరో ఎంజైమ్‌ది. ఆ ఫాస్ఫేటే మన పసుపు. పీ53 బరువు దాదాపు 43,700 డాల్టన్లు, పసుపు బరువు 80. ప్రోటీన్లను బరువు ప్రకారం వడగట్టే జెల్ అనే మెత్తటి పలకలో పరిగెత్తించినా, ఇంత చిన్న తేడాతో ఈ రెండింటినీ విడదీయలేం. పసుపును గుర్తుపట్టే కన్ను కావాలి. ఆ రెండో గొట్టంలో ఉన్నది అలాంటి యాంటీబాడీ, అంటే ఒక ఆకారాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్.

దాన్ని తయారుచేయడం తేలిక కాదు. 15వ పూస చుట్టూ ఉన్న చిన్న ముక్కను, దాని మీద ఫాస్ఫేట్‌తో సహా, కృత్రిమంగా తయారుచేస్తారు. అంటే శుభలేఖలో పసుపు మూల ఒక్కటే కత్తిరించుకున్నట్టు. యాంటీబాడీలు పుట్టించడానికి దాన్ని కుందేలుకు ఎక్కించాలి, కానీ అంత చిన్న ముక్కను కుందేలు ఒళ్లు పట్టించుకోదు. అందుకని సముద్రపు నత్త నీలిరక్తం నుంచి తీసిన ఒక పెద్ద ప్రోటీన్‌కు దాన్ని అంటించి ఎక్కిస్తారు. కుందేలు రక్తంలో రకరకాల యాంటీబాడీలు పుడతాయి. కొన్నింటికి మూల చాలు, పసుపు ఉన్నా లేకున్నా పట్టేసుకుంటాయి. అవి మనకు పనికిరావు. ఫాస్ఫేట్ లేని ముక్కలు కట్టిన గొట్టం గుండా రసాన్ని పోస్తే అవి అక్కడే చిక్కుకుంటాయి. దాటి వచ్చిన రసాన్ని ఫాస్ఫేట్ ఉన్న ముక్కల గొట్టంలో పోస్తే అసలైనవి అతుక్కుంటాయి, వాటిని విడిపించి తీసుకుంటారు. పసుపు ఒక్కటే చూసి ఎగబడేవీ ఉంటాయి. కణం నిండా ఫాస్ఫేట్ మోసే ప్రోటీన్లే కాబట్టి వాటివల్ల కనపడకూడని గీతలన్నీ కనపడతాయి. పసుపూ మూలా కలిసి ఉంటేనే పట్టేది కావాలి.

ఇక అక్క చేసే పని. రొమ్ము క్యాన్సర్ నుంచి పెంచిన ఎంసీఎఫ్7 కణాల్లో పీ53 చెడిపోలేదు, అందుకని అవి ఈ పరీక్షకు బాగుంటాయి. కణాలు పెంచే పళ్లేల్లో సగానికి డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు 1 మైక్రోమోలార్ గాఢతలో కొన్ని గంటలు ఇస్తే డీఎన్ఏ తెగుతుంది. గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి పెంచిన హీలా కణాలు తీసుకుంటే నిరాశే. వాటిలోని వైరస్ ప్రోటీన్ పీ53ని నాశనం చేస్తుంటుంది.

కణాలను పగలగొట్టేటప్పుడే సగం ప్రయోగాలు చెడతాయి. పగిలిన కణంలో పసుపు తుడిచేసే చేతులు, అంటే ఫాస్ఫటేజులు, వెంటనే పనిలో దిగుతాయి. అందుకే అంతా మంచు మీదే చేయాలి. ద్రావణంలో ఆ చేతులను ఆపే సోడియం ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవెనడేట్ అప్పటికప్పుడు కలపాలి. పది నిమిషాలు బల్ల మీద వదిలేస్తే పీ53 ఉంటుంది గానీ గుర్తు చెరిగిపోవచ్చు. అప్పుడు ‘మందు పనిచేయలేదు’ అని తప్పుగా రాసుకుంటాం. తొందరపాటుకు ఇక్కడ శిక్ష పడుతుంది, కానీ ఎందుకు పడిందో తెలియదు.

తర్వాత జెల్‌లో ఒక్కో నమూనా పోసే గడికి 30 మైక్రోగ్రాముల చొప్పున ప్రోటీన్‌ను 95 డిగ్రీల్లో 5 నిమిషాలు మరిగించి, 10 శాతం జెల్‌లో పరిగెత్తించి, పొర మీదికి మార్చుతారు. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పొరయితే ముందు మెథనాల్‌లో తడపాలి, లేకపోతే ప్రోటీన్ ఎక్కదు. ఖాళీ చోట్లలో యాంటీబాడీ అంటకుండా గంటసేపు వేరే ప్రోటీన్ పూస్తారు. చాలామంది పాలపొడి వాడతారు. పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫేట్ మోసే ప్రోటీన్. పసుపు కోసం వెతికే వాడి ముందు పసుపు పళ్లెం పెట్టినట్టు, పొరంతా మసక రావచ్చు. అందుకే ఆవు రక్తం నుంచి తీసే బీఎస్ఏ అనే ప్రోటీన్ 5 శాతం మేలు. ఉప్పునీళ్లు కూడా ఫాస్ఫేట్‌తో చేసినవి కాకుండా ట్రిస్ అనే రసాయనంతో చేసినవి, సబ్బులాంటి ట్వీన్ 0.1 శాతం కలిపి వాడతారు.

యాంటీబాడీ మామూలుగా వెయ్యికి ఒక వంతు, అంటే 10 మిల్లీలీటర్లకు 10 మైక్రోలీటర్లు. అయితే గొట్టంతో వచ్చిన కాగితం చెప్పిందే లెక్క. 4 డిగ్రీల్లో రాత్రంతా మెల్లగా ఊపుతూ ఉంచి, పొద్దున మూడుసార్లు కడిగి, కుందేలు యాంటీబాడీని పట్టే రెండో యాంటీబాడీ గంటసేపు వేస్తారు. దాని మీద, చివర్లో వెలుగు పుట్టించే హెచ్ఆర్‌పీ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆ ద్రావణంలో సోడియం ఎజైడ్ పడితే ఎంజైమ్ పనిచేయదు, పొర ఖాళీగా మిగులుతుంది.

ఇప్పుడు మీ మొదటి గొట్టం దగ్గరికి వద్దాం. ఫాస్ఫో గీత చిక్కబడిందంటే రెండు అర్థాలుండవచ్చు. పసుపు అద్దిన కార్డుల పాలు పెరిగి ఉండవచ్చు, లేదా మొత్తం కార్డులే పెరిగి ఉండవచ్చు. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 మొత్తం కూడా పెరుగుతుంది కాబట్టి ఈ అనుమానం ఎప్పుడూ ఉంటుంది. అందుకే అదే నమూనాను రెండో జెల్‌లో పెట్టి, గుర్తుతో సంబంధం లేకుండా మొత్తం పీ53ని పట్టే యాంటీబాడీతో చూసి, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చుతారు. మొత్తం పట్టేదాన్నీ జాగ్రత్తగా ఎంచుకోవాలి. డీఓ1 అనే పేరున్నది 20వ పూస దగ్గర పట్టుకుంటుంది. ఆ 20వ పూసకూ ఫాస్ఫేట్ పడితే దానికి పట్టు దొరకదు, మొత్తం తగ్గినట్టు తప్పుగా కనిపిస్తుంది.

మరో గడి ఉండాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మందిచ్చిన కణాల నమూనాలోనే కొంత తీసి లాంబ్డా ఫాస్ఫటేజు వేసి 30 డిగ్రీల్లో అరగంట ఉంచుతారు. పసుపంతా కడిగేయడమే. ఈ నమూనాలో మాత్రం ఫ్లోరైడ్, వెనడేట్ కలపకూడదు, కలిపితే కడిగే చేయీ ఆగిపోతుంది.

అక్క పొరను కెమెరా పెట్టెలో పెట్టే రోజు పక్కనే నిలబడండి. అక్కడ కనిపించే గీత రంగు కాదు, మిణుగురులాగా రసాయనం నుంచి పుట్టే వెలుగు. తెరమీద 53 వేల డాల్టన్ల దగ్గర చూడండి, అసలు బరువు 43,700 అయినా జెల్‌లో పీ53 అక్కడే కనిపిస్తుంది. ముందు మందివ్వని గడి, తర్వాత మందిచ్చినది, చివర కడిగేసినది. కడిగేసిన గడిలో ఫాస్ఫో గీత పోయి, మొత్తం పీ53 గీత అలాగే నిలిచి ఉందో లేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య