హ్లెబ్‌ను గోల్స్‌తో కొలవకండి

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం నా పని. మిడ్‌ఫీల్డ్‌లో ఆడతామనే వాళ్లకు నేను మొదట చూపించేది బెలారుస్ ఆటగాడు అలియక్సాందర్ హ్లెబ్ ఆటే. చూపించిన ప్రతిసారీ పెద్దవాళ్ల నుంచి అవే మాటలు వస్తుంటాయి. వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గోల్స్ కొట్టనివాడు గొప్ప ఆటగాడెలా అవుతాడు?

వాస్తవం: లెక్క వరకు నిజమే. 2005 నుంచి 2008 దాకా ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కు 130 మ్యాచ్‌లు ఆడి 11 గోల్సే చేశాడు. కానీ ఆ జట్టులో అతని పని బంతిని ముందుకు తీసుకెళ్లడం, తన మీదికి ఇద్దర్ని రప్పించుకుని పక్కవాడికి ఖాళీ దొరికేలా చేయడం. 2008 ఏప్రిల్ 2న, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో, రెండు మ్యాచ్‌ల క్వార్టర్ ఫైనల్లో తొలి మ్యాచ్, ఎదురుగా లివర్‌పూల్. స్కోరు 1-1. హ్లెబ్ బంతితో పెనాల్టీ బాక్సులోకి దూసుకెళ్లాడు. లివర్‌పూల్ ఆటగాడు డర్క్ కౌట్ అతని చెయ్యి పట్టి లాగాడు, హ్లెబ్ కింద పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు. ఆరు రోజుల తర్వాత లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 4-2తో ఓడి ఆర్సెనల్ టోర్నీ నుంచి బయటికొచ్చింది. అంత పెద్ద అవకాశం పుట్టించిన ఆ పరుగు గోల్స్ పట్టికలో ఎక్కడ కనిపిస్తుంది? పిల్లలకు నేను కౌట్ చెయ్యి చూపించను. అంతకుముందు హ్లెబ్ పాదాలు చూడమంటాను.

అపోహ: అతని పేరుకు అర్థం రొట్టె.

కాదు. రొట్టెను బెలారుస్‌లో ‘ఖ్లెబ్’ అంటారు. రష్యన్లు ‘గ్లెబ్’ అని పలికే పాత పేరునే బెలారుసియన్లు ‘హ్లెబ్’ అంటారు.

అపోహ: ఆర్సెనల్‌కు వెళ్లాకే అతనికి పేరొచ్చింది.

వాస్తవం: మిన్స్క్‌లో పుట్టి, అక్కడి క్లబ్ బాటె బోరిసోవ్‌తో 1999లో దేశవాళీ లీగ్ గెలిచి, 2000లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ క్లబ్‌కు వెళ్లాడు. 2002-03లో స్టుట్‌గార్ట్ జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో రెండో స్థానంలో నిలిచింది. మరుసటి సీజన్లో సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 2-1తో ఓడించింది. బెలారుస్‌లో అతన్ని ఆరుసార్లు ఆ ఏటి ఉత్తమ ఫుట్‌బాలర్‌గా ఎన్నుకున్నారు. అందులో 2002, 2003 రెండూ ఆర్సెనల్‌కు ముందువే. దేశానికి 80 మ్యాచ్‌లు ఆడినా ప్రపంచకప్ ఆడే యోగం దక్కలేదు. బెలారుస్ ఎప్పుడూ అర్హత సాధించలేదు మరి. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: బార్సిలోనాకు వెళ్లడంతో అతని కథ ముగిసింది.

వాస్తవం: 2008లో ఆర్సెనల్ వదిలి వెళ్లడం పొరపాటేనని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ సీజన్లో బార్సిలోనా మూడు పెద్ద కప్పులూ గెలిచింది, ఇతనికి మాత్రం జట్టులో స్థిరమైన చోటు దొరకలేదు. అక్కడి నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి వేరే క్లబ్‌కు ఆడే పద్ధతిలో, క్లబ్బులు మారుతూ వచ్చాడు. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ 2012లో అతను మళ్లీ బాటెలో చేరాడు. ఆ అక్టోబర్ 2న మిన్స్క్‌లో, తన ఊరి జనం ముందు, బాటె 3-1తో జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్‌ను ఓడించింది. ఆ సీజన్లో ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తింది అదే బయర్న్. మైదానంలో బాటె జెర్సీతో హ్లెబ్ కూడా ఉన్నాడు.