జొన్న చేనుకు అందిన సాయం: జహీరాబాద్ ధాన్య నిధి నేపథ్యం

2025–26 సీజన్‌కు కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు సంకర జొన్నకు 3,699 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ధర ప్రకారం జొన్నదే పైచేయి. అయినా తెలంగాణలో ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరుచుకునేది వడ్లకే. సన్నవడ్లకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా అందుతోంది, 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. పేదలకు మంచి బియ్యం అందడం సంతోషించవలసిన విషయమే. అయితే నీటి వసతి లేని మెట్టలో రెండు మూడెకరాల మీద బతికే రైతు పండించే తిండిగింజకు ప్రభుత్వ ధనంలో చోటు ఎందుకు దొరకలేదన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి జవాబు వెతికితే పాత మెదక్ (ఇప్పటి సంగారెడ్డి) జిల్లా పశ్చిమ కొసన, బీదర్ సరిహద్దును ఆనుకుని ఉన్న జహీరాబాద్ ప్రాంతం తప్పకుండా ఎదురవుతుంది.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడిన నాటి నుంచి దేశంలో ధాన్య సేకరణ వరి, గోధుమల చుట్టూనే అల్లుకుంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలిని నిజంగానే తగ్గించింది. ఆ పథకం విలువను తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ ఆ బియ్యం కాలువల కింద పండిన బియ్యం. జొన్నరొట్టె తిని బతికిన మెట్ట పల్లెల్లో అది రెండు మార్పులు తెచ్చింది. తిండి అలవాటు మారింది, సొంత చేను దున్నవలసిన ఒత్తిడీ తగ్గింది. భూసంస్కరణల కాలంలో దళిత కుటుంబాలకు దక్కిన భూములు చాలావరకు రాళ్లు తేలిన, పైమట్టి కొట్టుకుపోయిన ఎర్ర నేలలు. పట్టా చేతికి వచ్చినా దుక్కికి ఎడ్లు, ఎరువుకు పశువులు, పంట చేతికొచ్చే దాకా ఆగే స్తోమత లేక ఎందరో ఆ భూములను బీడు పెట్టి కూలికి వెళ్లారు. భూమి ఉండీ రేషన్ గింజ కోసం ఎదురుచూడవలసి వచ్చిన ఆ స్థితిని కేవలం పేదరికం అనడం చాలదని నా అభిప్రాయం. తన తిండి మీద తనకున్న అధికారాన్ని కూడా ఆ కుటుంబం పోగొట్టుకుంది.

1983లోనే ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పస్తాపూర్ కేంద్రంగా, ఊరూరా దళిత మహిళల సంఘాలను కూడగట్టింది. బీడు భూములను సాగులోకి తెచ్చి, అక్కడ పండిన గింజతోనే అక్కడి పేదలకు రేషన్ నడపాలన్న ఆలోచన ఆ సంఘాల్లో బలపడింది. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి నిధులు రావడంతో సామూహిక ధాన్య నిధి రూపు దిద్దుకుంది. ముప్పైకి పైగా గ్రామాల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమి ఆ నిధితో సాగులోకి వచ్చింది.

ఆ డబ్బు నడిచిన తీరును కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రైతుకు సాయం ఒక్కసారిగా కాక దుక్కికి, పశువుల ఎరువుకు, విత్తనానికి, కలుపుకు ఆయా పనుల అదనులో విడతలుగా అందింది. బాకీని రైతు నగదుగా కాక కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో ఊరి సంఘానికే తీర్చేవాడు. ఆ గింజను మహిళలు ఊళ్లోనే నిల్వ చేసి, పని దొరకని, ఇంట్లో గింజలు నిండుకున్న వానాకాలపు నెలల్లో పేద ఇళ్లకు బజారు ధర కంటే బాగా తక్కువకు అమ్మేవారు. ఎవరు పేదలో తేల్చింది మండల కార్యాలయం కాదు. ఊరివారంతా కూర్చుని, ప్రతి ఇంటి స్థితిగతులను నలుగురి ముందు చర్చించి, ఎక్కువ పేదలకు ఎక్కువ గింజ వచ్చేలా నిర్ణయించారు. అమ్మగా వచ్చిన సొమ్ము మళ్లీ ఊరి నిధిలోకే చేరింది. ఒకసారి ఇచ్చిన గ్రాంటు రైతుకు పెట్టుబడిగా, కూలికి పనిగా, పేద ఇంటికి రొట్టెగా, తర్వాతి ఏటికి మూలధనంగా అదే ఊళ్లో మారుతూ పోయింది. జొన్నతో పాటు కంది, పెసర, కొర్ర, అనుములు కలిపి వేయడం వల్ల ఒక పంట దెబ్బతిన్నా చేను మొత్తం ఖాళీ అయ్యేది కాదు, చొప్ప పశువులకు మిగిలేది.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. దానికి గట్టి సంఘం కావాలి, ఏళ్ల తరబడి వెన్నంటి ఉండే సంస్థ కావాలి. చెరకు, పత్తి, సోయా వంటి పంటలు ఆ చుట్టుపక్కల విస్తరించాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామికవాడ కోసం జరుగుతున్న భూసేకరణ చిన్న కమతాలకే ముప్పు తెచ్చింది. సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంలోనే కన్నుమూశారు. గౌరవాలైతే దక్కాయి కానీ ఆ నమూనా మాత్రం రాష్ట్ర పథకంగా మారలేదు.

తర్వాత వచ్చిన పథకాల దారి వేరు. 2011–12లో కేంద్రం చిరుధాన్యాలకు కేటాయించిన 300 కోట్లు ప్రధానంగా దిగుబడి పెంపును, విత్తనాల పంపిణీని లక్ష్యంగా పెట్టుకున్నాయి. 2018లో తెలంగాణ తెచ్చిన రైతుబంధు ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైంది, కౌలుదారులను వదిలేసింది, ఏం పండించారన్నదీ అడగలేదు. 2020లో మొదలైన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం సభ్యుని వాటాకు సమానంగా 2,000 రూపాయల వరకు గ్రాంటు ఇస్తుంది, కానీ దాని చూపంతా దూరపు మార్కెట్ మీదే. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో రెండు హెక్టార్ల లోపు కమతాలు 86 శాతం. వాటిలో పండిన గింజకు దగ్గరలోనే, నమ్మకమైన కొనుగోలు ఉండేలా చూసే పని వీటిలో దేనికీ ప్రధానం కాలేదు.

చట్టం మాత్రం అడ్డుగా లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం జొన్న, రాగి వంటి ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వడానికి వీలు కల్పించింది. కర్ణాటక రాగిని, జొన్నను మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇస్తోంది. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌లో గిరిజన రైతులకు మొదటి మూడేళ్లు ప్రోత్సాహకం ఇచ్చి, పండిన రాగిని కొని, రేషన్ దుకాణాలకూ కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లల లడ్డూలకూ మళ్లించింది. చేనుకు ఇచ్చిన సాయాన్ని కంచం దాకా తీసుకెళ్లాలన్న జహీరాబాద్ ఆలోచనే అక్కడ ప్రభుత్వ స్థాయిలో కనిపిస్తుంది.

రాష్ట్రాలు సేకరించిన జొన్న, రాగులను మూడు నెలల్లో పంచేయాలన్న పాత నిబంధన ఒకప్పుడు పెద్ద ఆటంకం. 2021 డిసెంబరులో కేంద్రం ఆ గడువును జొన్నకు ఆరు నెలలకు, రాగికి ఏడు నెలలకు పెంచింది. యాసంగి జొన్న కోతలయ్యాక కొన్న గింజను వానాకాలపు కరవు నెలల్లో పంచడానికి ఈ వ్యవధి సరిపోతుంది. సంగారెడ్డి జిల్లాలో మద్దతు ధరకు కొన్న జొన్నను అదే జిల్లా రేషన్ దుకాణాల్లో, కోరుకున్న కుటుంబాలకు బియ్యంలో కొంత భాగానికి బదులుగా ఇవ్వాలంటే కొత్త చట్టం అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం సేకరణ ప్రణాళిక పంపి కేంద్రం ఆమోదం పొందాలి, మండల స్థాయిలో గోదాములు చూపాలి, సన్నవడ్లకు ఇస్తున్న బోనస్ లాంటిదాన్ని మెట్ట జొన్నకూ వర్తింపజేయాలి.