తగవు మొదలుపెట్టినవాడిని ఇంగ్లీషులో ఏమనాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో తెలుగు ఫిర్యాదులను ఇంగ్లీషులోకి మార్చే పనిలో ఉన్న నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి గట్టు తగవులు, బోదె నీళ్ల తగవులు, కొబ్బరిచెట్టు ఎవరి హద్దులో ఉందన్న తగవులు. ఎదుటివాడే మొదలుపెట్టాడని ప్రతి కాగితంలోనూ ఉంటుంది. ఆ ఒక్క వాక్యానికి తప్పు మాట పడితే లేని నేరం మీద పడుతుంది కనుక ఇది రాస్తున్నాను.

అపోహ: రెచ్చగొట్టడాన్ని ‘ప్రొవోక్’ అన్నా ‘ఇన్‌స్టిగేట్’ అన్నా ఒకటే.

వాస్తవం: తిట్టి, హేళన చేసి ఎదుటివాడికి కోపం తెప్పించడం ప్రొవోక్ చేయడం, ఒకరిని మరొకరి మీదికి ఎగదోయడం ఇన్‌స్టిగేట్ చేయడం. మన ‘రెచ్చగొట్టాడు’ రెండింటికీ చెల్లుతుంది, ‘ఉసిగొల్పాడు’ మాత్రం రెండోదానికే చెల్లుతుంది. ఇన్‌స్టిగేట్‌కు లాటిన్‌లో మూలార్థం ములుగర్రతో పొడిచినట్టు పొడిచి తోలడం. నేరానికి పురికొల్పడాన్ని చెప్పే ‘అబెట్’ కూడా పాత ఫ్రెంచిలో కుక్కలను ఉసిగొల్పడం నుంచే వచ్చింది.

మొన్న కోతల సమయంలో ఒక రైతు తన ఫిర్యాదుకు ఎవరో రాసిపెట్టిన ఇంగ్లీషు ముసాయిదాను సరిచూడమని తెచ్చారు. ‘గట్టు మీద నిలబడి బూతులు తిట్టి నన్ను రెచ్చగొట్టాడు’ అని తెలుగులో ఉన్నది ముసాయిదాలో ‘హి ఇన్‌స్టిగేటెడ్ మి’ అయింది. పొరుగువాడు ఎగదోస్తే ఈ రైతే వెళ్లి ఏదో చేశాడని చదివే అధికారికి తోస్తుంది; తిట్లు పడిన మనిషి తన సంతకంతో తానే నేరం ఒప్పుకున్నట్టవుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇవి వేరు: ఉసిగొల్పడం 45వ సెక్షన్ చెప్పే నేర ప్రేరేపణ కిందికి వస్తే, శాంతిభంగం కలిగేలా కావాలని అవమానించి రెచ్చగొట్టడం 352వ సెక్షన్ కిందికి వస్తుంది.

అపోహ: తొలి దెబ్బ కొట్టినవాడు ‘ఫస్ట్ స్టోన్’ వేసినవాడు.

వాస్తవం: ఆ మాట యోహాను సువార్త 8వ అధ్యాయంలోనిది. పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చునన్న ఆ సందర్భాన్ని బట్టి, తన తప్పులు మరచి ఇతరులను ముందుగా దూషించడమే దాని అర్థం. తొలి దెబ్బకు ‘ఫస్ట్ బ్లో’ చాలు.

అపోహ: ‘ఇట్ టేక్స్ టూ టు టాంగో’ అంటే ఇద్దరి తప్పూ సమానమని.

వాస్తవం: 1952 నాటి ఒక అమెరికన్ పాటతో వ్యాపించిన ఈ మాట, మన ‘రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు’ లాగే, ఇద్దరూ ఉన్నారని చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పదు. రాజీకి కూర్చున్న పెద్దమనుషులు దీనితో తీర్పు ముగించడం అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే హత్య కేసులో సైతం తీవ్రమైన ఆకస్మిక రెచ్చగొట్టుడును పరిగణించే చట్టం, నిందితుడే దాన్ని సాకుగా కోరి తెచ్చుకున్నప్పుడు ఆ మినహాయింపు ఇవ్వదు.

పుల్లలు పెట్టడానికి మాత్రం ‘స్టిరింగ్ ద పాట్’ చక్కగా సరిపోతుంది, కానీ అది ఫిర్యాదులో రాయదగినది కాదు.

ఆ రైతు కాగితంలో ‘ప్రొవోక్డ్ మి’ అని మార్చి, పక్కనే తిట్టిన మాటలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులోనే చేర్చాను. వాక్యం వాక్యం చదివి అర్థం చెప్పించుకున్న తరువాతే ఆయన సంతకం పెట్టారు.