క్లిక్కుకీ పేలుడుకీ మధ్య

బ్రౌజర్లో ఆడే షూటింగ్ గేముల్లో కథ ఉండదు, బొమ్మలూ అంతంతమాత్రమే. 2016లో వచ్చిన డైప్ డాట్ ఐఓలో ట్యాంకు అంటే ఒక వృత్తం, దానికో గొట్టం. ఎదురుగా చతురస్రాలు, త్రిభుజాలు. ఆ మాత్రం దానికి గంటలు ఎలా కరిగిపోతాయని అడిగితే వెంటనే వచ్చే జవాబు డోపమిన్, మెదడులో విడుదలయ్యే ఒక రసాయనం. తప్పని కాదు గానీ, ఇష్టమైన ఏ పనిలోనైనా ఆ రసాయనం ప్రమేయం ఉంటుంది. దాని పేరు చెప్పినంత మాత్రాన ఈ ఆట ఎందుకు వదలదో తేలదు. చూడాల్సింది గడియారం వైపు, అదీ మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో.

ఒక శత్రువు తెరమీదికి వచ్చిందనుకుందాం. అది కంటబడ్డాక వేలు కదలడానికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. తర్వాత గురి. గురి కుదరడానికి ఎంతసేపు పడుతుందో 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త ఒక సూత్రంగా రాశాడు. లక్ష్యం దూరమైనా, చిన్నదైనా సమయం పెరుగుతుంది, అయితే లాగరిథమ్ లెక్కన. లక్ష్యం వెడల్పుని 40 పిక్సెళ్ల (తెరమీది చుక్కల) నుంచి 20కి తగ్గిస్తే కష్టం రెట్టింపు కాదు, ఒక్క మెట్టు పెరుగుతుంది. వెడల్పు అలాగే ఉంచి దూరాన్ని రెట్టింపు చేసినా పెరిగేది అదే మెట్టు. మౌస్‌తో ఆడేవాళ్లకి ఒక్కో మెట్టు ఖరీదు సెకనులో ఐదో వంతు, కాస్త అటూఇటూ. శత్రువుల్ని కొద్దికొద్దిగా చిన్నవి చేస్తూ, దూరం జరుపుతూ పోతే కష్టం మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఈలోపు ఆడేవాళ్ల చెయ్యి కూడా కుదురుకుంటూ వస్తుంది. అందుకే ఆట ఎప్పుడూ ‘కొంచెంలో పోయింది’ అన్నట్టే ఉంటుంది.

చూడటం, గురిపెట్టడం, నొక్కడం, తగిలిందో లేదో తెలియడం, అన్నీ కలిపి సుమారు ఒక సెకను. అంటే నిమిషానికి కొన్ని పదుల సార్లు తీర్పు వస్తుంది. చదువులోనైనా ఉద్యోగంలోనైనా చేసిన పని ఎలా ఉందో తెలియడానికి రోజులో నెలలో ఆగాలి. కాల్చడం అన్న ఇతివృత్తం కన్నా ఈ తీర్పు వేగమే మనిషిని ఎక్కువ కట్టిపడేస్తుంది.

తీర్పు వేగంగా వస్తే చాలదు, దిమ్మతిరిగేలా రావాలి. బాగా చేసిన ఆటలో తూటా తగిలిన క్షణాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూడండి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే తెరమీది బొమ్మ 60 సార్లు మారితే, ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. మొదటి ఫ్రేములో శత్రువు బొమ్మంతా తెల్లగా మెరుస్తుంది, చప్పుడూ అప్పుడే మొదలవుతుంది. తర్వాత రెండు మూడు ఫ్రేములు ఆట మొత్తం బిగుసుకుపోతుంది. ఆ ఆగడం కంటికి ఆనదు, దెబ్బకి బరువిచ్చేది మాత్రం అదే. ఆపైన తెర నాలుగైదు పిక్సెళ్లు ఊగి 200 మిల్లీసెకన్లలోపు సర్దుకుంటుంది. చప్పుడు శ్రుతి ప్రతిసారీ రవ్వంత మారుతుంది, లేకపోతే ఇరవయ్యోసారికే మొహం మొత్తుతుంది. 2013లో యాన్ విల్లెం నైమన్ అనే గేమ్ డిజైనర్ ఒక చప్పిడి ఆటకి ఇలాంటి మార్పులు ఒక్కొక్కటే చేస్తూ వేదికమీద చూపించాడు. చూస్తుండగానే అది ఆడబుద్ధేసే ఆట అయింది.

ఈ వాదనని ఎవరైనా పరీక్షించొచ్చు. కోడ్ చేతిలో ఉన్న ఏదైనా చిన్న ఆట తీసుకుని, మెరుపునీ చప్పుడునీ 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చేట్టు మార్చండి. నియమాలు అవే, స్కోరు లెక్కా అదే. ఆట మాత్రం చచ్చిపోతుంది. ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటిందంటే ‘నేను కొట్టాను’ అన్న భావన పలచబడటం మొదలవుతుంది.

కొత్తగా ఆటలు రాసేవాళ్లు బోల్తాపడేదీ ఇక్కడే. సెకనుకి 1200 పిక్సెళ్ల వేగంతో పోయే తూటా ఒక్క ఫ్రేములో 20 పిక్సెళ్లు దూకుతుంది. శత్రువు వెడల్పు 12 పిక్సెళ్లే అయితే ఒక్కోసారి ఒక ఫ్రేములో తూటా దాని ముందుంటుంది, మరుసటి ఫ్రేములో వెనకుంటుంది, తగలడం అన్నదే జరగదు. తూటా ఉన్న చోటుని కాకుండా, పాత చోటు నుంచి కొత్త చోటుకి గీసిన గీతని పరీక్షిస్తే ఈ లోపం పోతుంది. ఇంకోటి, ప్రతి తూటాకీ మెమరీలో కొత్త వస్తువుని పుట్టించడం. కాసేపటికి వాడేసిన తూటాల చెత్తని మెమరీలోంచి ఊడ్చుకోవడానికి బ్రౌజర్ ఆగుతుంది, సరిగ్గా గురిపెట్టిన క్షణంలో తెర తడబడుతుంది. ముందే 200 తూటాలు తయారుచేసి పెట్టుకుని వాటినే తిరిగి వాడాలి. వేగాన్ని ఫ్రేములకి ముడిపెట్టినా చిక్కే: 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేములు చూపే) తెరకి రాసిన ఆట 144 హెర్ట్జ్ తెరమీద 2.4 రెట్లు పరుగెడుతుంది. వేగాన్ని ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గడిచిన సమయంతో గుణిస్తే సరిపోతుంది, కానీ ఆ సమయానికి 50 మిల్లీసెకన్ల పరిమితి పెట్టాలి. వేరే ట్యాబ్‌కి వెళ్తే బ్రౌజర్ ఈ ఆట బొమ్మలు గియ్యడం ఆపేస్తుంది. పరిమితి లేకపోతే తిరిగి రాగానే శత్రువులన్నీ ఒక్క దూకున మీదపడతాయి. ‘తప్పు నా చేతిది కాదు, ఆటది’ అనిపించాక ఎవరూ రెండో ఆట ఆడరు.

ఆట న్యాయంగానే ఉందన్న నమ్మకం కోసం ఆటలు కాస్త మోసం కూడా చేస్తాయి, ఆడేవాళ్ల పక్షాన. తూటాలు వానలా కురిసే ఆటల్లో మన ఓడకి దెబ్బ తగిలే భాగం కనబడే బొమ్మకన్నా బాగా చిన్నది. రెక్కని రాసుకుంటూ పోయిన తూటా నష్టం చెయ్యదు, ‘భలే తప్పించుకున్నాను’ అనిపిస్తుంది. అన్ని కిటుకులూ ముందే ఆలోచించి పెట్టినవీ కావు. 1978లో తొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. కారణం, గియ్యాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కి భారం తగ్గడం. ఆయన దాన్ని సరిదిద్దకుండా వదిలేశాడు. ఇవాళ్టికీ చిన్న షూటింగ్ గేములు ఆ వేగాన్ని కావాలని కోడ్‌లో రాసుకుంటున్నాయి.

ఇక డోపమిన్. 1998లో లండన్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎనిమిది మంది పురుషులు ట్యాంకు ఆట ఆడుతుండగా పెట్ స్కాన్ (మెదడులో ఏం జరుగుతోందో చూపే చిత్రం) తీస్తే, మెదడు లోపల స్ట్రయేటం అనే భాగంలో డోపమిన్ విడుదల పెరిగినట్టు కనబడింది. ఈ ఫలితాన్ని ఎక్కడ చూసినా ఉదహరిస్తారు గానీ, వాళ్లకి లెవెల్ దాటినప్పుడల్లా డబ్బు ఇచ్చారన్న సంగతి చెప్పరు. నా దృష్టిలో అంతకన్నా పనికొచ్చేది నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రమ్ షుల్ట్జ్ బృందం కోతులమీద చేసిన పని. బహుమతి వస్తుందని ముందే పూర్తిగా తెలిస్తే, అది అందినప్పుడు డోపమిన్ కణాలు పెద్దగా స్పందించవు. అనుకోకుండా వస్తే ఉరకలేస్తాయి. ప్రతి తూటా తగిలే ఆటా, ఒక్కటీ తగలని ఆటా రెండూ విసుగు పుట్టించడానికి ఇది చాలావరకు కారణం.

అందినట్టే అంది చేజారినప్పటి సంగతి ఇంకా చిత్రం. జూదం యంత్రాలమీద 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, గెలుపు కొద్దిలో తప్పినప్పుడు కూడా గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలు కొన్ని స్పందించాయి. జూదంలో కొద్దిలో తప్పడానికి అర్థమేమీ లేదు, తర్వాతి పందెం దానివల్ల మెరుగవదు. షూటింగ్‌లో మాత్రం ‘ఎడమకి ఐదు పిక్సెళ్లు పోయింది’ అన్నది నిజంగా పనికొచ్చే సమాచారం. కాబట్టి ఇంకోసారి ఆడాలనిపించడం మరీ తెలివితక్కువ పనేం కాదు, అందుకే ఆపడం అంత కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ రుగ్మత ఉంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా 12 నెలలు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. మధ్యాహ్నం అరగంట ఎక్కువ ఆడినవాళ్లెవరూ ఆ లెక్కలోకి రారు.

ఆ అరగంట తగ్గాలంటే ఆట వాడుకునే వేగానికే అడ్డం పడాలి. అలారం అంతగా పనిచెయ్యదు, ఆట మధ్యలో మోగుతుంది. ‘ఇది అయ్యాక’ అనుకుంటాం, అయ్యేసరికి మళ్లీ మొదలుపెట్టే మీట వేలికిందే ఉంటుంది, అరసెకనులో కొత్త ఆట. నిమిషాలు మానేసి ఆటలు లెక్కపెట్టుకోవడం మేలు. ఐదు అనుకుంటే, ప్రతి ఆట తర్వాతా ట్యాబ్ పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. ఆ పది పదిహేను సెకన్లలోనే చాలాసార్లు ఉబలాటం చల్లారుతుంది. చప్పుడు ఆపి ఆడితే పట్టు కొంత సడలుతుంది. ఇంకో చిన్న ఉపాయం: చాలా ఆటలు మీ అత్యధిక స్కోరుని బ్రౌజర్లోనే దాచుకుంటాయి. ప్రైవేట్ విండోలో ఆడితే, అది మూసేయగానే స్కోరు చెరిగిపోతుంది, రేపు దాటాల్సిన అంకె అంటూ ఏదీ మిగలదు.