బ్రిటిష్ స్వతంత్ర చిత్రం ఎవరి డబ్బుతో నడిచింది?

2025 మే నెలలో జరిగిన కాన్ చలనచిత్రోత్సవంలో, అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో, బ్రిటన్ నుంచి వచ్చిన మూడు తొలిచిత్రాలకు ఒకేసారి చోటు దక్కింది. 'అర్చిన్' లండన్ వీధుల్లో తలదాచుకునే ఒక యువకుడి కథ, 'పిలియన్' మోటారుసైకిల్ దళం చుట్టూ అల్లిన ప్రేమకథ, 'మై ఫాదర్స్ షాడో' 1993 నాటి లాగోస్ నగరంలో ఒక్క రోజులో ముగిసే కథ. వీటి మధ్య పోలికే లేదు గానీ, కథ మొదలయ్యే ముందు తెరమీద పడే ముద్రలు మాత్రం మూడింటికీ ఒకటే: బీబీసీ ఫిల్మ్, సినిమాలకు నిధులు పంచే జాతీయ సంస్థ బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, దాని పక్కన వేలి మీద వేలు మెలివేసిన జాతీయ లాటరీ గుర్తు. బ్రిటన్‌లో స్వతంత్ర చిత్రమంటే హాలీవుడ్ స్టూడియోల పట్టులో లేని చిత్రమని అర్థమే తప్ప, ఎవరి మీదా ఆధారపడని చిత్రమని కాదు. దాదాపు వందేళ్లుగా దాని పోషణ ప్రభుత్వ శాఖల నుంచో, టీవీ నుంచో, లాటరీ నుంచో వస్తోంది. థియేటర్లలో ఎక్కువ భాగం అమెరికన్ చిత్రాలకే పోతున్నందువల్ల దానికి మొదటి ప్రేక్షకులు చలనచిత్రోత్సవాల్లోనే దొరుకుతున్నారు.

ఈ ఏర్పాటు మొదలైంది హెరింగ్ చేపలతో. సామ్రాజ్యంలో పండే, తయారయ్యే సరుకుల అమ్మకాలు పెంచడానికి పెట్టిన ఎంపైర్ మార్కెటింగ్ బోర్డులో పనిచేస్తున్న జాన్ గ్రియర్సన్ అనే స్కాట్లండ్ యువకుడికి సినిమా తీయాలన్న కోరిక ఉన్నా, ఖజానా శాఖ డబ్బు విడుదల చేసే సూచన కనిపించలేదు. ఆ శాఖలో ఆర్థిక కార్యదర్శిగా ఉన్న ఆర్థర్ మైకేల్ శామ్యూల్ గతంలో హెరింగ్ చేపల చరిత్ర మీద ఏకంగా ఒక పుస్తకం రాశారు. దాంతో ఉత్తర సముద్రపు హెరింగ్ జాలర్లే కథావస్తువయ్యారు, డబ్బు మంజూరైంది. అలా తయారైన 'డ్రిఫ్టర్స్' 1929 నవంబరు 10న లండన్ ఫిల్మ్ సొసైటీలో, సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్'తో పాటు ఒకే కార్యక్రమంలో ప్రదర్శితమైంది. అధికారి అభిరుచిని కనిపెట్టి దరఖాస్తు రాసుకునే విద్య ఈనాటి నిర్మాతలకూ కొత్తది కాదు. 1933లో గ్రియర్సన్ బృందం తపాలా శాఖ కిందికి మారింది. రైలులో ఉత్తరాలు వేరుచేసే సిబ్బంది మీద తీసిన 'నైట్ మెయిల్' (1936) అక్కడి నుంచి వచ్చిందే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలోనూ ఇదే తరహాలో ఒక ప్రభుత్వ చిత్ర విభాగం ఏర్పడింది. 1948లో ఫిలిమ్స్ డివిజన్ ఆ బాటలోనే నడిచింది. మన హాళ్లలో అసలు సినిమాకు ముందు వేసే వార్తాచిత్రాల వంశవృక్షంలో ఒక వేరు అక్కడ ఉంది.

ఎడిన్‌బరో చలనచిత్రోత్సవం 1947లో డాక్యుమెంటరీల పండుగగానే మొదలైంది. అయితే కొత్త దర్శకులకు అసలైన మలుపు 1956 ఫిబ్రవరి 5న లండన్‌లోని నేషనల్ ఫిల్మ్ థియేటర్‌లో వచ్చింది. లిండ్సే ఆండర్సన్, కారెల్ రైజ్, టోనీ రిచర్డ్‌సన్, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థిని లొరెంజా మజెట్టి తమ చిన్న చిత్రాలను 'ఫ్రీ సినిమా' అనే ఒకే పేరు కింద కలిపి చూపించారు. విడివిడిగా వేస్తే ఏ పత్రికా పట్టించుకోదని వారికి తెలుసు. అందుకే ఒక పేరు పెట్టి, ఒక ప్రకటన అచ్చువేసి పంచారు. మార్గేట్ వినోదశాలలో వింతలు చూస్తూ తిరిగే జనం, వుడ్ గ్రీన్ జాజ్ క్లబ్బులో రాత్రిపూట నాట్యం చేసే పనివాళ్లు, లండన్ తూర్పు రేవుల్లో బతికే ఇద్దరు బధిరులు వారి పాత్రలు. జాజ్ క్లబ్బు చిత్రం తీసిన బోలెక్స్ కెమెరాకు చేత్తో కీ ఇవ్వాలి, ఒకసారి కీ ఇస్తే 22 సెకన్లకు మించి తిరగదు. దృశ్యంతో పాటు మాటను పట్టే వీలూ లేదు. ఆ చిత్రాల్లో కనిపించే తెగిన లయను శైలి అని పొగిడినవారు ఈ 22 సెకన్లను కూడా లెక్కలో వేసుకోవాలి. ఇందులో రెండు చిత్రాలకు బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగాత్మక నిధి నుంచి సొమ్ము వచ్చింది. ఆ నిధే తర్వాత ప్రొడక్షన్ బోర్డుగా మారి, బిల్ డగ్లస్, టెరెన్స్ డేవిస్ వంటి దర్శకులను నిలబెట్టి, 2000లో మూతపడింది.

1985లో ప్రభుత్వం సినిమా టికెట్ల మీద వసూలై బ్రిటిష్ చిత్రాల నిర్మాతలకు అందే ఈడీ సుంకాన్ని రద్దు చేసింది. పరిశ్రమ కుప్పకూలకుండా కాసిన వాటిలో ముఖ్యమైనది, 1982 నవంబరు 2న ప్రసారాలు మొదలుపెట్టిన చానెల్ 4. ఈ చానెల్ సొంతంగా కార్యక్రమాలు తీయకుండా బయటివారితో తీయించుకునేది. టీవీ కోసం 16 ఎం.ఎం. మీద చవకగా తీసిన 'మై బ్యూటిఫుల్ లాండ్రెట్' 1985లో ఎడిన్‌బరోలో ప్రదర్శితమై, అక్కడ దక్కిన ఆదరణ వల్ల థియేటర్లకు చేరింది. రచయిత హనీఫ్ కురేషీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లారు. అదే చానెల్ కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుని ప్రాంతీయ, నల్లజాతి చిత్రబృందాలకు జీతాలిచ్చి నిలబెట్టింది. బర్మింగ్‌హామ్‌లోని హాండ్స్‌వర్త్ అల్లర్ల మీద బ్లాక్ ఆడియో ఫిల్మ్ కలెక్టివ్ తీసిన 'హాండ్స్‌వర్త్ సాంగ్స్' (1986)కు గ్రియర్సన్ పేరిట ఉన్న పురస్కారమే దక్కింది. జీతం మీద కుదురుగా పనిచేసే ఆ ఏర్పాటు పదేళ్లు కూడా నిలవకపోవడం, నా దృష్టిలో, ఈ చరిత్రలోకెల్లా పెద్ద నష్టం.

తర్వాత లాటరీ వంతు వచ్చింది. 2000లో ఏర్పడిన యూకే ఫిల్మ్ కౌన్సిల్ ఆ సొమ్ము పంచింది. దాన్ని రద్దు చేస్తున్నట్టు 2010 జూలైలో ప్రభుత్వం ప్రకటించింది. కౌన్సిల్ డబ్బు పెట్టిన 'ది కింగ్స్ స్పీచ్' 2011 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. మరుసటి నెలాఖరుకు కౌన్సిల్ తలుపులు మూసుకున్నాయి. బాధ్యత మళ్లీ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మీద పడింది. డాక్యుమెంటరీలకు 1994 నుంచి షెఫీల్డ్ ఉత్సవం కూడలి అయింది. అక్కడ ప్రదర్శనలతో పాటు, సగం తీసిన చిత్రంతో వచ్చిన దర్శకులు టీవీ సంస్థల ప్రతినిధుల ఎదుట కూర్చుని మిగతా సగానికి డబ్బు అడిగే సంత కూడా జరుగుతుంది.

గత కొన్నేళ్ల దెబ్బలు వేరు. 2020 చివరితో బ్రిటన్ ఐరోపా సంఘపు సాంస్కృతిక నిధి నుంచి బయటికి వచ్చింది. 2022 అక్టోబరులో ఎడిన్‌బరో ఉత్సవాన్ని నడిపే సంస్థే దివాలా తీసింది. ఉత్సవం కొత్త యాజమాన్యంతో 2024లో మళ్లీ నిలదొక్కుకుంది. అదే ఏడాది ప్రభుత్వం కోటిన్నర పౌండ్ల దాకా బడ్జెట్ ఉన్న చిత్రాలకు, అర్హమైన ఖర్చు మీద 53 శాతం పన్ను క్రెడిట్, అంటే ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే రాయితీ, ప్రకటించింది. పన్ను పోగా చేతికి అందేది 40 శాతానికి కాస్త తక్కువ. అదీ ఖర్చు పెట్టిన తర్వాత వచ్చే డబ్బు కాబట్టి, దాన్ని చూపి ముందు అప్పు తెచ్చుకోవాలి. ఈ క్రెడిట్ చిత్రం తీయడానికి పనికొస్తుంది గానీ, దాన్ని వేయడానికి హాలు ఇప్పించదు.

డబ్బు వచ్చే దారి చివరికి చిత్రం ఏ దేశానిదో కూడా తేలుస్తుంది. భారతీయ మూలాలున్న సంధ్యా సూరి డాక్యుమెంటరీల నుంచి కథాచిత్రాలకు వచ్చిన బ్రిటిష్ దర్శకురాలు. ఒక దళిత బాలిక హత్యను దర్యాప్తు చేసే మహిళా కానిస్టేబుల్ మీద ఆమె హిందీలో తీసిన 'సంతోష్'కు బీబీసీ ఫిల్మ్, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సొమ్ము ఉంది. 2024లో కాన్‌లో ప్రదర్శితమై, ఆ ఏడాది ఆస్కార్‌కు బ్రిటన్ తరఫు ఎంట్రీగా వెళ్లింది. 2025 మార్చిలో బ్రిటన్ థియేటర్లలో విడుదలైంది. అదే నెలలో మన సెన్సార్ బోర్డు దానికి అడ్డుపడిందన్న వార్త వచ్చింది.